డీ అండ్ డీ ఆటలో కనికట్టు మంత్రాలు: గోడ లేని చోట గోడ కట్టడం ఎలా

హనుమకొండలో మా ఇంటి మేడ మీది గదిలో ఆదివారం సాయంత్రాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాటల్లో కథ నడుపుతూ, ఏం జరిగిందో డైస్ వేసి తేల్చుకునే ఆట ఇది. డీఎంని, అంటే కథ నడిపి, శత్రువులను ఆడించి, తీర్పు చెప్పే డంజన్ మాస్టర్‌ని, నేనే. మ్యాప్ కూడా ఓరుగల్లు కోటను మనసులో పెట్టుకుని నేనే గీశాను. బయట మట్టికోట, లోపల రాతికోట, దాని చుట్టూ కందకం. ఆట మొదలైన నెలలోపే ఒక మంచి ఘట్టాన్ని నా చేతులతో నేనే చెడగొట్టాను. ఆ తప్పు దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే కొత్త డీఎంలు చాలామంది చేసేది అదే.

ఆరుగురు గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు) తరుముకొస్తున్నారు. మా బామ్మర్ది ఆడే విజర్డ్ (మాంత్రికుడు) కోట ద్వారం దాటగానే వెనక్కి తిరిగి సైలెంట్ ఇమేజ్ అనే కనికట్టు మంత్రం వేశాడు. ద్వారం ఉన్నచోట రాతిగోడ లేచింది. నేను అలవాటుకొద్దీ “సరే, ఒక్కో గాబ్లిన్‌కి ఒక్కో రోల్” అంటూ, వాళ్లు కనికట్టుని కనిపెట్టారో లేదో తేల్చడానికి డైస్ వేసేశాను. ఇద్దరికి నెంబర్ పడింది. గోడ లేదని అరుచుకుంటూ ఆరుగురూ లోపలికి వచ్చిపడ్డారు. మావాడు డైస్ బల్ల మీద పెట్టేసి, “చూడంగనే తెల్సిపోతే గది కనికట్టు ఎట్లయితది బావా? నా స్లాట్ ఉత్తగనే పాయె” అన్నాడు. స్లాట్ అంటే మంత్రం వేసే అవకాశం, అవి లెక్కగానే ఉంటాయి.

ఆ రాత్రి రూల్స్ మళ్లీ తిరగేస్తే వాడి మాటే కరెక్టని తేలింది. గోడను చూసినంత మాత్రాన ఎవరికీ రోల్ రాదు. పరీక్షించాలనుకున్నవాడు తన టర్నులో (వంతులో) యాక్షన్, అంటే ఆ వంతులో చేయగల ఒక్క ముఖ్యమైన పని, ఖర్చుపెట్టాలి. కనికట్టు మంత్రాల కీలకమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. బొమ్మ ఎంత అందంగా ఉందన్నది రెండో విషయం. ఎదుటివాడి టర్ను ఒకటి పోయిందా లేదా అన్నదే లెక్క.

ఇక్కడ చెప్పేవి 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్. 2024 సవరణలో మారినవాటిలో కొన్నిటిని ఆయా చోట్ల చెప్తాను. ఈ రూల్స్‌లో ముఖ్యభాగం ఎస్‌ఆర్‌డీ అనే పేరుతో ఉచితంగానే దొరుకుతుంది. 2023 జనవరిలో దాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టారు కాబట్టి కొనకుండానే మొదలుపెట్టొచ్చు.

మొదటి మెట్టు: బొమ్మ లోకంలో ఉందా, బుర్రలో ఉందా?

మంత్రం చదవగానే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో కనికట్టు మంత్రాలను ఐదు రకాలుగా విడగొట్టి, ఒక్కోదానికి పేరు పెట్టారు. ఐదో ఎడిషన్‌లో ఆ పేర్లు తీసేశారు. తేడా మాత్రం అలాగే ఉంది, మనమే పట్టుకోవాలి.

మైనర్ ఇల్యూషన్, సైలెంట్ ఇమేజ్, మేజర్ ఇమేజ్ బయట లోకంలో బొమ్మను నిలబెడతాయి. అక్కడున్న అందరికీ కనిపిస్తుంది. మంత్రం వేయగానే సేవ్ (మంత్రాన్ని తట్టుకోవడానికి ఎదుటివాడు వేసే రోల్) అంటూ ఉండదు. ఫాంటాస్మల్ ఫోర్స్ అలా కాదు, ఒక్కడి బుర్రలోకి దూరుతుంది. ముందు వాడు ఇంటెలిజెన్స్ (తెలివి) సేవ్ వేయాలి. ఓడితే ఆ బొమ్మ వాడొక్కడికే కనిపిస్తుంది, పక్కనున్నవాడికి ఏమీ కనపడదు. పైగా వాడి బుర్రే దానికి సాకులు వెతుక్కుంటుంది. లేని మంచె మీదికి ఎక్కబోయి కిందపడినా “గాలి నెట్టేసింది” అనుకుంటాడు తప్ప మంచె లేదనుకోడు. అది పామో మంటో అయితే ప్రతి టర్నూ ఆరు ముఖాల డైస్ ఒకటి వేసి అంత దెబ్బ కూడా ఇవ్వొచ్చు. 2024లో దాన్ని ఎనిమిది ముఖాల డైస్ రెండుకి పెంచారు.

మంత్రం వివరణలో “సేవ్” అన్న మాట ముందు వస్తే బుర్రలోది, “ఇన్వెస్టిగేషన్” (పరిశీలించి కనిపెట్టే నేర్పు) మాత్రమే ఉంటే లోకంలోది. ఎక్కువసార్లు ఈ కొండగుర్తు పనిచేస్తుంది.

రెండో మెట్టు: ఏ ఇంద్రియానికి, ఎంత సైజులో?

ఇక్కడ తొందరపడొద్దు. సగం గొడవలు ఇక్కడే పుడతాయి.

మైనర్ ఇల్యూషన్ కాంట్రిప్, అంటే స్లాట్ ఖర్చు లేదు. 30 అడుగుల లోపల ఒక శబ్దం గానీ ఒక వస్తువు బొమ్మ గానీ పెట్టొచ్చు. రెండూ ఒకేసారి కుదరవు. బొమ్మ ఐదడుగుల ఘనంలో ఇమడాలి. మా మేనల్లుడు మొదటిసారి ఇనప బీరువా కావాలన్నాడు. ఇంట్లో ఉన్న బీరువా కొలిచి చూపిస్తే ఆరడుగులు దాటింది. వడ్ల బస్తాలు నాలుగు పేర్చుకుని వాటి వెనక దాక్కోవచ్చు గానీ బీరువా నిలబడదు. ఒక నిమిషం ఉంటుంది, అంటే పది రౌండ్లు (అందరి టర్నూ ఒకసారి అయితే ఒక రౌండ్). కదలదు, వాసన ఉండదు, వెలుగు ఇవ్వదు. దీపం బొమ్మ పెట్టొచ్చు, ఆ దీపంతో చీకట్లో దారి మాత్రం కనపడదు.

సైలెంట్ ఇమేజ్ ఒకటో లెవెల్ మంత్రం. 60 అడుగుల దూరం, 15 అడుగుల ఘనం, పది నిమిషాల వరకు. 15 అడుగులంటే ఓ పెద్ద పడకగది అనుకోండి. వస్తువే కాదు, మనిషి, జంతువు, పొగ, ఏదైనా పెట్టొచ్చు. మన యాక్షన్ ఖర్చుపెడితే కదులుతుంది, నడక సహజంగానే కనిపిస్తుంది. కానీ పేరులోనే ఉంది, చప్పుడు రాదు.

మేజర్ ఇమేజ్ మూడో లెవెల్. 120 అడుగుల దూరం, 20 అడుగుల ఘనం. చప్పుడు, వాసన, వేడి, చలి అన్నీ వస్తాయి. దెబ్బ తగిలేంత వేడి, చెవులు గళ్లుపడేంత చప్పుడు, కడుపులో తిప్పేంత కంపు మాత్రం పుట్టించలేం.

ఈ తేడా మా వాళ్లకు ఎనుమాముల మార్కెట్‌తో అర్థమయ్యింది. సీజన్‌లో మిర్చి యార్డులోకి అడుగుపెడితే కళ్ల కంటే ముందు ముక్కుకే తెలుస్తుంది కదా. మా ఆటలో ఒకసారి దొంగల గుంపును దాచడానికి సైలెంట్ ఇమేజ్‌తో మిరపకాయల కుప్ప పెట్టారు. కాపలావాడు ఆ ఊరి వాడే, రోజూ మిర్చి బస్తాలు మోసేవాడే. దగ్గరికొస్తే ఒక్క తుమ్ము కూడా రాలేదు. నేను వాడికి వెంటనే రోల్ ఇవ్వలేదు. “వీడికి ఏదో తేడాగా అనిపిస్తోంది, వచ్చే టర్నులో యాక్షన్ పెట్టి చూస్తాడు” అన్నాను. అదే మేజర్ ఇమేజ్ అయ్యుంటే వాడు ముక్కు మూసుకుని పక్కనుంచి వెళ్లిపోయేవాడు. మా మేనల్లుడు మాత్రం వదల్లేదు: “మామా, అవి చపాటా మిర్చి. కారం తక్కువ, రంగే ఎక్కువ!” వరంగల్ పిల్లాడు కదా. ఆ వాదన నచ్చి కాపలావాడి రోల్‌కి డిసడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవడం) ఇచ్చాను. రూల్స్‌లో అలా రాసి లేదు. బుర్ర పెట్టినందుకు ఇచ్చిన బహుమతి అది.

మూడో మెట్టు: డీసీ లెక్క, పరీక్ష ధర

మంత్రం వేసేవాడి డీసీ, అంటే ఎదుటివాడు అందుకోవాల్సిన అంకె, ఇలా వస్తుంది: ఎనిమిది, దానికి ప్రొఫిషియన్సీ బోనస్ (లెవెల్‌తో పెరిగే నేర్పు), దానికి మంత్రశక్తి మోడిఫయర్ (విజర్డ్‌కైతే ఇంటెలిజెన్స్‌ని బట్టి వచ్చే అంకె). ఇంటెలిజెన్స్ 16 ఉన్న ఒకటో లెవెల్ విజర్డ్‌కి 8, 2, 3 కలిపి 13. పరీక్షించేవాడు ఇరవై ముఖాల డైస్ వేసి, తన ఇన్వెస్టిగేషన్ కలుపుకుని 13 దాటాలి లేదా 13 తేవాలి.

గాబ్లిన్ ఇంటెలిజెన్స్ 10, కలుపుకోవడానికి ఏమీ లేదు. 40 శాతం అవకాశం. మొద్దు రాక్షసుడు ఓగర్‌కి ఇంటెలిజెన్స్ 5, మూడు తీసేయాలి కాబట్టి 25 శాతం. జాంబీకి 20 శాతం.

ఇప్పుడు నా తప్పు ఎంత పెద్దదో చూడండి. ఆరుగురు గాబ్లిన్లకు ఉచితంగా తలా ఒక రోల్ ఇస్తే, కనీసం ఒక్కడికి పడే అవకాశం 95 శాతం. అంటే నేను ఆ మంత్రాన్ని చంపేసినట్టే. అదే రూల్ ప్రకారం ఆడి ఉంటే? తరుముకొచ్చే గాబ్లిన్‌కి ఎదురుగా గోడ కనిపిస్తుంది. ఒకడు ఆగి పరీక్షిస్తాడు, మిగతావాళ్లు పక్కదారి వెతుకుతారు. ఎవడు యాక్షన్ పెడితే వాడు ఆ టర్ను కత్తి ఎత్తలేడు. మూడొంతుల గుంపు అటూ ఇటూ చెదిరిపోతుంది. ఒకటో లెవెల్ స్లాట్‌కి అది మంచి గిట్టుబాటు.

2024 రూల్స్‌లో ఈ పరీక్షకు “స్టడీ” అని విడిగా యాక్షన్ పేరు పెట్టారు. విషయం మారలేదు.

నాలుగో మెట్టు: ముట్టుకుంటే ఏమవుతుంది?

బొమ్మను చెయ్యి, కర్ర, రాయి, బాణం ఏది తాకినా లోపల్నుంచి దూరిపోతుంది. అలా దూరితే అది బొమ్మని తేలిపోతుంది. రోల్ అక్కర్లేదు. తెలిసినవాడికి ఆ బొమ్మ పారదర్శకమవుతుంది, అవతలివైపు కనిపిస్తుంది. మైనర్ ఇల్యూషన్ అయితే పలచబడుతుంది.

అందుకే గోడ బొమ్మ వెనక దాక్కున్న విలుకాడు అందులోంచి బాణం వేస్తే, బాణం రాతిలోంచి బయటకు రావడం ఎదుటివాడు చూస్తాడు. మా బల్ల దగ్గర అలా చూసినవాడికి వెంటనే తెలిసిపోయినట్టు లెక్క. రూల్స్‌లో “తాకితే” అనే ఉంది, “తాకడం చూస్తే” అని లేదు, కాబట్టి ఇది డీఎం నిర్ణయం. ఆట మొదలవక ముందే చెప్పేయండి, తర్వాత చెప్తే పంచాయితీ అవుతుంది.

మరి ఒకడికి తెలిసి, పక్కవాడికి “అది గోడ కాదురా” అని చెప్తే? మూడో ఎడిషన్‌లో చెప్పించుకున్నవాడికి సేవ్ మీద నాలుగు బోనస్ ఉండేది. ఐదో ఎడిషన్‌లో ఆ మాటే లేదు. చెప్పినంత మాత్రాన కళ్లకు అవతలివైపు కనిపించదు, కానీ నమ్మి గోడలోకి నడవచ్చు, నడిస్తే ముట్టుకున్నట్టే. నడవడానికి యాక్షన్ అక్కర్లేదు. గాబ్లిన్ అరుపు అర్థమయ్యే దూరంలో ఎవరెవరు ఉన్నారో చూసుకోవడమే నా పని. నేను చెడగొట్టిన ఆ ఘట్టంలో ఆరుగురూ ఒకేసారి దూసుకురావడం రెండో తప్పు. తోటివాడి మాట నమ్మి రాతిగోడకు తల పెట్టేంత ధైర్యం గాబ్లిన్లకు ఉండదు.

ఇదే రూల్ మనవాళ్లకీ వర్తిస్తుంది. విజర్డ్ గోడ పెట్టగానే స్నేహితులు ఒక్కొక్కరు చెయ్యి పెట్టి చూసుకోవాలి. అప్పుడు వాళ్లకు అవతలి శత్రువు కనిపిస్తాడు, శత్రువుకు వీళ్లు కనిపించరు. చాలామంది మర్చిపోయే పెద్ద లాభం ఇది.

ఐదో మెట్టు: చూసేవాడికి ఏం తెలుసు?

మారీచుడు రాముడి గొంతుతో “హా సీతా, హా లక్ష్మణా” అని అరిచిన ఘట్టం గుర్తుచేసుకోండి. ఒకే అరుపు, ఇద్దరు విన్నారు. సీతమ్మ నమ్మింది, లక్ష్మణుడు నమ్మలేదు. లక్ష్మణుడికి చెవులు బాగా పనిచేయడం వల్ల కాదు, అన్న అలా అరవడని తెలుసు కాబట్టి. డైస్ కంటే ముందు డీఎం అడగాల్సిన ప్రశ్న ఇదే: ఈ పాత్రకు ముందే ఏం తెలుసు, దేనికి భయపడుతుంది?

రోజూ ఆ ద్వారంలోంచి తిరిగే కాపలావాడికి రాత్రికి రాత్రి గోడ లేస్తే అనుమానం వస్తుంది. మొదటిసారి కోటకొచ్చిన కిరాయి సైనికుడికి రాదు. అనుమానం వచ్చినవాడు యాక్షన్ పెడతాడు, రానివాడు పెట్టడు. డైస్ సంగతి ఆ తర్వాతే. నేను ప్రతి శత్రువు కార్డు వెనక రెండు ముక్కలు రాసుకుంటాను: “ఈ చోటు ఎరుగు”, “మంటంటే బెదురు”. అంతే, ఎక్కువ రాస్తే ఆట మధ్యలో చదవలేం.

ఆటగాళ్లకు సలహా కూడా ఇందులోంచే వస్తుంది. వింత బొమ్మలు పెట్టొద్దు. డ్రాగన్ బొమ్మ పెడితే అందరూ దానివైపే చూస్తారు, బాణాలూ దానిమీదే వేస్తారు, మరుక్షణం తేలిపోతుంది. చెత్తకుప్ప పెట్టండి, కూలిన బండి పెట్టండి, మూసిన తలుపు పెట్టండి. పరీక్షించాలని ఎవరికీ బుద్ధి పుట్టని వస్తువే మంచి కనికట్టు.

ఆరో మెట్టు: కాన్సంట్రేషన్

సైలెంట్ ఇమేజ్, మేజర్ ఇమేజ్, ఫాంటాస్మల్ ఫోర్స్, ఇన్విజిబిలిటీ (మనిషిని కనపడకుండా చేసేది) అన్నిటికీ కాన్సంట్రేషన్ కావాలి, అంటే వేసినవాడు మనసు దానిమీదే నిలపాలి, చెదిరితే మంత్రం పోతుంది. ఒకసారి ఒకటే నడుస్తుంది. దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్ వేయాలి. పది గానీ, తగిలిన దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది డీసీ. 30 దెబ్బ తింటే 15 తేవాలన్నమాట. విజర్డ్‌ని వెనక నిలబెట్టండి. మైనర్ ఇల్యూషన్‌కి ఈ బాధ లేదు. మేజర్ ఇమేజ్‌ని ఆరో లెవెల్ స్లాట్‌తో వేస్తే కాన్సంట్రేషన్ లేకుండా, ఎవరైనా తొలగించేదాకా నిలిచిపోతుంది.

బొమ్మలు కాని కనికట్లు

వీటి గురించి ఎక్కువ చెప్పను, రూల్స్ సూటిగానే ఉన్నాయి. డిస్గైజ్ సెల్ఫ్ గంటసేపు మన రూపం మారుస్తుంది, ఎత్తు మాత్రం అడుగుకి మించి పెరగదు, తగ్గదు. పెట్టుకున్నట్టు కనిపించే తలపాగా ఎవరైనా ముట్టుకుంటే చెయ్యి లోపలికి పోతుంది. జాతరలో జనం ఒరుసుకుంటూ నడిచే చోట ఈ మంత్రం వేసుకుని తిరగడం దండగ. ఇన్విజిబిలిటీ కూడా గంటే, దాడి చేసినా మంత్రం వేసినా పోతుంది. కనపడకపోయినా అడుగుల చప్పుడు, బురదలో పాదముద్రలు ఉంటాయి.

మిర్రర్ ఇమేజ్ మాత్రం నాకు ముచ్చటైనది. మన చుట్టూ మూడు నకళ్లు. శత్రువు దాడి చేస్తే ఇరవై ముఖాల డైస్ వేస్తాం. మూడు నకళ్లున్నప్పుడు 6 లేదా ఎక్కువ పడితే దెబ్బ నకలుకి పోతుంది, అంటే 75 శాతం. రెండుంటే 8, ఒకటే మిగిలితే 11 కావాలి. కాన్సంట్రేషన్ అక్కర్లేదు. 2024లో ఈ లెక్క ఆరు ముఖాల డైస్‌కి మారింది. ఎన్ని నకళ్లుంటే అన్ని వేసి, ఒక్కదాని మీదైనా 3 లేదా పైన పడితే చాలు.

కనికట్టుని విప్పేవి

ట్రూసైట్ (ఉన్నది ఉన్నట్టు చూసే చూపు) ఉన్న ప్రాణికి కంటి కనికట్లన్నీ తెలిసిపోతాయి, సేవ్ కూడా దానంతటదే గెలుస్తుంది. బ్లైండ్‌సైట్ ఉన్నది చూపు మీద ఆధారపడదు కాబట్టి గోడ బొమ్మను పట్టించుకోదు. డిటెక్ట్ మ్యాజిక్ వేసినవాడు 30 అడుగుల లోపల మాయ ఉందని పసిగడతాడు, అది ఇల్యూషన్ (కనికట్టు) తరగతి మంత్రమని కూడా తెలుసుకోవచ్చు. పెద్ద ప్రత్యర్థి మీదికి వెళ్లేటప్పుడు ఈ మూడింటిలో ఏదైనా ఉందేమో ముందే ఆరా తీయండి. డీఎంలకు ఒక మనవి: ఆటగాడు కనికట్టు విజర్డ్‌ని తెచ్చుకున్నాడని ప్రతి విలన్‌కీ ట్రూసైట్ తగిలించకండి. అది ఈతగాడు వచ్చాడని చెరువు ఎండగట్టడం లాంటిది.

నిజాన్ని బొమ్మగా చూపించడం

మయసభలో దుర్యోధనుడి సంగతి అందరికీ తెలిసిందే. స్ఫటికపు నేలను నీళ్లనుకుని బట్టలు ఎత్తిపట్టుకున్నాడు. తర్వాత నిజంగా నీళ్లున్న చోట నేలనుకుని అడుగేసి పడ్డాడు. రెండోది కనికట్టు కాదు, మామూలు నీళ్లే. మొదటి మోసం తెలిశాక కళ్లను నమ్మడం మానేశాడు, దెబ్బ అక్కడ తగిలింది.

దీన్ని ఆటలో వాడుకోవచ్చు. ముందు రెండుమూడు సార్లు గొయ్యి బొమ్మలు పెట్టి శత్రువుకు తెలిసేలా చేయండి. ఒక్క మైనర్ ఇల్యూషన్ చాలు, ఖర్చు లేదు. నాలుగోసారి నిజంగా గొయ్యి తవ్వండి. మా ఆటలో ఓగర్ నాయకుడు నవ్వుకుంటూ అందులోకి నడిచాడు. డీఎంగా నేను మనస్ఫూర్తిగా ఓడిపోయిన రోజు అది.

14వ లెవెల్ ముచ్చట

ఇల్యూషన్ తరగతి విజర్డ్‌కి రెండో లెవెల్‌లో మైనర్ ఇల్యూషన్‌లో శబ్దం, బొమ్మ రెండూ ఒకేసారి వస్తాయి. ఆరో లెవెల్‌లో నడుస్తున్న బొమ్మ స్వరూపాన్ని మార్చుకోవచ్చు. 14వ లెవెల్‌లో అసలైనది: ఒకటో లెవెల్ లేదా పై మంత్రంతో పెట్టిన బొమ్మలోంచి ప్రాణంలేని, మాయలేని ఒక వస్తువును ఎంచుకుని బోనస్ యాక్షన్‌తో (టర్నులో యాక్షన్ కాక అదనంగా చేయగల చిన్న పనితో) ఒక నిమిషం నిజం చేయొచ్చు. అది ఎవరికీ నేరుగా హాని చేయకూడదు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో 14వ లెవెల్ పాత్రలతో ఒక్కరోజు ఆట పెట్టాను. పళ్లెంలో సకినాలు, బల్ల మీద అదే కోట మ్యాప్. రాతికోట చేరాలంటే కందకం దాటాలి. బామ్మర్ది సైలెంట్ ఇమేజ్‌తో పడవ పెట్టి, అందులో తెడ్డు కూడా చూపించి, బోనస్ యాక్షన్‌తో నిజం చేశాడు. నలుగురూ ఎక్కేశారు. పడవ ఆగింది, బరువు మోసింది, అందరూ ఈలలు. రెండో రౌండ్‌లో మా మేనల్లుడు తెడ్డు అందుకోబోయాడు. నేను రూల్ చదివి వినిపించాను: ఒక వస్తువు.

“అంటే పడవ ఒక్కటేనా?”

“ఒక్కటే.”

వాడు తెడ్డు వైపు చూశాడు, బామ్మర్ది వైపు చూశాడు, ఇంకో సకినం విరిచి నోట్లో వేసుకున్నాడు. “మామా, నా డాలుతో తెడ్డేస్తా. ఇంకెన్ని రౌండ్లున్నయ్?”

ఎనిమిది ఉన్నాయి. కందకం వెడల్పు మ్యాప్ మీద 60 అడుగులు గీశాను.